తలకు దెబ్బ తగిలిన పిల్లలను మళ్ళీ ఆటలోకి ఎప్పుడు, ఎలా దించాలి?

కబడ్డీ మ్యాట్ మీద డాష్ (ఎదుటివారు ఒంటితో బలంగా గుద్దడం) తగిలి వెల్లకిలా పడిన అమ్మాయి, హెల్మెట్‌కు బంతి తగిలి క్రీజులోనే ఒక్క క్షణం తూలిన అబ్బాయి, ఫుట్‌బాల్‌లో బంతి కోసం ఎగిరి ఎదుటివాడి తలను ఢీకొన్న కుర్రాడు, ముగ్గురూ సాధారణంగా రెండు నిమిషాల్లో లేచి నిలబడతారు. నెత్తురు కారదు, బొప్పి కూడా కట్టకపోవచ్చు. "ఏం కాలేదు సార్, ఆడతాను" అని వాళ్ళే ముందుగా అంటారు. కళ్ళు బైర్లు కమ్మాయనో, తల దిమ్మెక్కినట్టుందనో చెప్పడం పిరికితనమనిపించుకుంటుందేమోనన్న భయం వాళ్ళకు ఉంటుంది. అటువంటి పిల్లలను ఆ రోజు ఏం చేయాలి, ఆ తర్వాతి మూడు నాలుగు వారాల్లో ఏ క్రమంలో తిరిగి ఆటలోకి తీసుకురావాలి అన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఇది ముఖ్యంగా తల్లిదండ్రుల కోసం, బడిలో ఆటలు నేర్పే పీఈటీల కోసం, హాస్టల్ వార్డెన్ల కోసం రాసినది. డాక్టరూ ఫిజియోథెరపిస్టూ మైదానం పక్కనే కూర్చునే సౌకర్యం మన బడుల్లో దాదాపు లేదు కాబట్టి, ఈ ముగ్గురూ ఒక మాట మీద ఉండడమే ఇక్కడ పిల్లలకు దొరికే రక్షణ.

కంకషన్ అంటే దెబ్బ వల్ల మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం. దెబ్బ తలకే తగలనక్కర లేదు. మెడకో, ఛాతీకో, భుజానికో తగిలిన బలమైన దెబ్బ తలను ఒక్క ఊపున విసిరినట్టు చేసినా చాలు. కురిడీ కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపలి కొబ్బరి చిప్పకు తగిలి చప్పుడవుతుంది కదా. మెదడు అంత వదులుగా ఉండదు గానీ, పుర్రెలోని ద్రవంలో ఉండే ఆ మెత్తని అవయవం ఒక్కసారిగా కదిలినప్పుడు, ముఖ్యంగా మెలి తిరిగినట్టు కదిలినప్పుడు, నాడీకణాలు సాగిపోయి వాటి లోపలా బయటా ఉండవలసిన పొటాషియం, కాల్షియం వంటి లవణాల పాళ్ళు తారుమారవుతాయి. ఆ పాళ్ళను తిరిగి సరిచేసుకోవడానికి కణాలకు మామూలుకన్నా ఎక్కువ గ్లూకోజు కావాలి, సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. ఈ శక్తి కొరత తీరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఇది సీటీ స్కాన్‌లో కనిపించదు. స్కాన్ తీసేది లోపల రక్తస్రావం గానీ పుర్రె ఎముకలో చీలిక గానీ ఉన్నాయేమో చూడడానికి. అందుచేత "స్కానింగ్ నార్మల్" అన్న మాటకు ప్రాణాపాయం కనిపించలేదని అర్థం తీసుకోవాలే తప్ప, రేపటి నుంచి ఆడుకోవచ్చని కాదు. మన ఊళ్ళలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే.

ఈ కొరత తీరకముందే మరో దెబ్బ తగిలితే కోలుకోవడం చాలా ఆలస్యమవుతుంది. అరుదుగా, ముఖ్యంగా పిల్లల్లోనూ యువకుల్లోనూ, మెదడు వేగంగా వాచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ళ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటి సగంలో తలకు దెబ్బ తగిలినా రెండో సగంలో మళ్ళీ దిగి ఆడాడు, మ్యాచ్ ముగిశాక కుప్పకూలి తీవ్రమైన వైకల్యంతో మిగిలాడు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్న విద్యార్థిని వెంటనే ఆట నుంచి తప్పించాలని, అర్హత గల వైద్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దించకూడదని 2009లో ఆ రాష్ట్రం అతని పేరుతోనే చట్టం చేసింది. 2014 కల్లా అమెరికాలోని 50 రాష్ట్రాలూ ఇటువంటి చట్టాలు చేసుకున్నాయి. అక్కడ పిల్లలను సాకర్‌కో క్రికెట్‌కో పంపే తెలుగు తల్లిదండ్రులు సీజన్ మొదట్లో చదవకుండానే సంతకం పెట్టేసే కంకషన్ కాగితం అలా పుట్టినదే. కెనడాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ళ రగ్బీ క్రీడాకారిణి కొద్ది రోజుల వ్యవధిలో వరుసగా తలకు దెబ్బలు తగిలి 2013లో మరణించింది. ఆంటారియో రాష్ట్రం 2018లో ఆమె పేరుతో చట్టం చేసింది. మన దగ్గర ఏ చట్టమూ బలవంతం చేయకపోయినా, ఆ చట్టాల్లోని క్రమాన్ని మన బడిలో పాటించడానికి పైసా ఖర్చు కాదు.

దెబ్బ తగిలిన రోజు

అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట ముగిసినట్టే. నిర్ధారణ కోసం ఎదురు చూడకూడదు, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ దించకూడదు, ఫైనల్ అయినా సరే. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు, కాని కంకషన్ అయిన వారిలో ఎక్కువ మందికి స్పృహ తప్పదు. పడిన చోటే కదలకుండా ఉండిపోవడం, లేచాక తూలడం, శూన్యంలోకి చూస్తున్నట్టు ఉండడం, చెప్పిన మాట అర్థం కానట్టు నెమ్మదిగా బదులివ్వడం, తమ జట్టు ఏ వైపు ఉందో తికమకపడడం, తలను గట్టిగా పట్టుకోవడం, ఇవి బయటివారికి కనిపించే గుర్తులు. తలనొప్పి, తలలో బరువు, వికారం, కళ్ళ ముందు మసక, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, "ఏదో తేడాగా ఉంది" అన్న భావన, ఇవి పిల్లలు చెబితేనే తెలిసేవి.

పీఈటీ అక్కడికక్కడే నాలుగు ప్రశ్నలు వేయవచ్చు. ఇప్పుడు మనం ఏ ఊళ్ళో ఆడుతున్నాం? ఇది మొదటి సగమా, రెండో సగమా? చివరి పాయింటు ఎవరు తెచ్చారు? కిందటి మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? ఒక్కదానికి తప్పు చెప్పినా అది కంకషన్‌గానే భావించాలి. అయితే అన్నిటికీ సరిగ్గా చెప్పినంత మాత్రాన కంకషన్ లేదని కాదు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ బంతి మెడకు తగిలి పడిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ పరీక్షలన్నీ దాటి, మైదానం వదిలిన గంట లోపే తిరిగి వచ్చి బ్యాటింగ్ చేశాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. అతని స్థానంలో దిగిన మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్‌లో మొట్టమొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్ అయ్యాడు, స్మిత్ తర్వాతి టెస్టు ఆడలేదు. ప్రపంచ స్థాయి వైద్య బృందం ఎదుటే లక్షణాలు మర్నాటి దాకా బయటపడకుండా ఉండగలిగినప్పుడు, మన మైదానంలో ఐదు నిమిషాల పరిశీలనతో తేల్చేయడం సాధ్యం కాదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ప్రశ్నలతో కాలయాపన చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి లేదా మెడ ఎముక మీద ముట్టుకుంటే నొప్పి, చేతుల్లో గానీ కాళ్ళలో గానీ బలహీనత లేదా తిమ్మిరి, ఒకటి రెండుగా కనిపించడం, ఫిట్స్, స్పృహ తప్పడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, నిమిష నిమిషానికీ పెరిగే తలనొప్పి, అంతకంతకూ మత్తుగా అయిపోవడం, ఉన్నట్టుండి తిరగబడడం లేదా విపరీతమైన చికాకు, ముక్కు నుంచో చెవి నుంచో నీరులాంటి ద్రవం కారడం, ఇవన్నీ అత్యవసర లక్షణాలు. మెడ మీద అనుమానం ఉన్నప్పుడు నలుగురూ కలిసి చేతులూ కాళ్ళూ పట్టుకుని పక్కకు మోసుకెళ్ళడం అన్నిటికన్నా ప్రమాదకరం. అంబులెన్సు వచ్చేదాకా, శ్వాసకు అడ్డు లేనంత వరకు, కదిలించకుండా ఉన్నచోటనే ఉంచాలి, హెల్మెట్ లాగకూడదు.

ఇవేవీ లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. బిడ్డను ఒంటరిగా సైకిలు మీద గానీ బస్సులో గానీ ఇంటికి పంపకూడదు. తల్లిదండ్రులకు ఫోన్ చేసేటప్పుడు "చిన్న దెబ్బే లెండి" అనకుండా, ఎన్ని గంటలకు ఎలా పడ్డారో, లేచాక ఎలా ఉన్నారో, వాంతి అయిందో లేదో ఉన్నది ఉన్నట్టు చెప్పి, అదే కాగితం మీద రాసి పంపాలి. డాక్టరుకు స్కాన్ కన్నా ఆ కాగితమే చాలాసార్లు ఎక్కువ ఉపయోగపడుతుంది.

మొదటి 48 గంటలు

దెబ్బ తగిలిన పిల్లలను నిద్రపోనివ్వకూడదన్న నమ్మకం మన ఇళ్ళలో బలంగా ఉంది. డాక్టరు చూసి ప్రమాదం లేదని ఇంటికి పంపిన తర్వాత నిద్ర మంచిదే, మెదడుకు కావలసింది అదే. మొదటి రాత్రి ఒక పెద్దవారు అదే గదిలో పడుకోవాలి, మధ్యలో లేపి చూడమని డాక్టరు చెబితే లేపి చూడాలి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు, డాక్టరును అడగకుండా ఇతర నొప్పి మాత్రలు కూడా వేయకూడదు. బొప్పికి ఐసు పెట్టుకోవచ్చు. నుదుటికి బామ్ రాయడం వల్ల నష్టం లేదు, కాని బామ్ రాశాక తగ్గిందన్న మాట మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టే పాత పద్ధతిని ఇప్పుడు ఎవరూ సమర్థించడం లేదు. క్రీడల్లో కంకషన్ మీద అంతర్జాతీయ నిపుణుల బృందం 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమై 2023లో ప్రచురించిన ఏకాభిప్రాయ పత్రం ప్రకారం, మొదటి 24 నుంచి 48 గంటలు కావలసింది పూర్తి విశ్రాంతి కాదు, తేలికపాటి విశ్రాంతి. స్నానం చేయవచ్చు, ఇంట్లో తిరగవచ్చు, వీధి చివరి దాకా నడవవచ్చు. తగ్గించవలసింది ముఖ్యంగా ఫోనూ టీవీ. మొదటి రెండు రోజులు స్క్రీన్ తగ్గించిన వారు త్వరగా కోలుకుంటున్నట్టు ఆధారాలు ఉన్నాయి. అన్నిటికన్నా కష్టమైన సలహా ఇదేనని ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో మిగతావారు కూడా టీవీ కట్టేస్తే తప్ప అది సాగదు. డాక్టరు సరే అనేదాకా సైకిలూ స్కూటీ నడపనివ్వకూడదు.

ముందు బడి, ఆ తర్వాతే మైదానం

తరగతి గదిలో నలభై నిమిషాలు కుదురుగా కూర్చుని పాఠం వినలేని మెదడు, కబడ్డీలో కూతకు (రైడుకు) వచ్చిన మనిషి కాలు ఎటు కదులుతుందో రెప్పపాటులో పసిగట్టలేదు. అందుకే బడికి పూర్తిగా తిరిగి వెళ్ళగలిగిన తర్వాతే పూర్తి ఆట. మొదట ఇంట్లోనే ఐదు నుంచి పదిహేను నిమిషాల చొప్పున చదవడం, ఆ తర్వాత ఇంటి దగ్గరే కొంత హోంవర్కు, తర్వాత సగం రోజు బడి, చివరికి రోజంతా బడి. చాలామంది పది రోజుల లోపే మామూలుగా తరగతులకు వెళ్ళగలుగుతారు.

మన బడుల పరిస్థితిలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఉదయం ప్రేయర్‌లో ఎండలో ఇరవై నిమిషాలు నిలబడడం, కిక్కిరిసిన బస్సులో గతుకుల రోడ్డు మీద ప్రయాణం, తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాకా సాగే హాస్టల్ స్టడీ అవర్స్, వారం వారం స్లిప్ టెస్టులు, ఇవన్నీ తలనొప్పిని తిరిగి రేపుతాయి. క్లాస్ టీచరుకు తల్లిదండ్రులు రాసి ఇవ్వవలసిన ఉత్తరంలో ఈ వివరాలే ఉండాలి: రెండు వారాల పాటు ప్రేయర్ నుంచి, పరీక్షల నుంచి మినహాయింపు, తలనొప్పి వస్తే పది నిమిషాలు చప్పుడు లేని చోట కూర్చునే అనుమతి, రాత్రి స్టడీ అవర్ బదులు నిద్ర. "పదో తరగతి సార్, ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు" అనే వాదన వినిపిస్తుంది. నొప్పిని ఓర్చుకుంటూ కూర్చున్న గంటల్లో పాఠం ఎలాగూ ఎక్కదు, పైగా కోలుకోవడం వెనక్కి పోతుంది. దెబ్బ బయటికి కనిపించదు కాబట్టి తోటి పిల్లలు నటిస్తున్నావంటారు. చేయి విరిగి కట్టు కట్టుకున్న వారికి దక్కే సానుభూతి వీళ్ళకు దక్కదు. ఆ విషయం టీచరు తరగతిలో ఒకసారి నోరు విప్పి చెబితే ఎంతో మేలు.

మైదానంలో ఆరు మెట్లు

బడితో పాటే, సమాంతరంగా, శరీరానికి కూడా పని పెట్టవచ్చు. ఏకాభిప్రాయ పత్రం ఆరు మెట్లు చెబుతుంది, ఒక్కో మెట్టు మీద కనీసం 24 గంటలు ఉండాలి. ఇక్కడ తొమ్మిదో తరగతి చదువుతూ జూనియర్ జట్టులో రైడర్‌గా ఆడే 14 ఏళ్ళ అమ్మాయిని ఉదాహరణగా తీసుకుంటాను. క్రికెట్‌కు, క్రికెటర్లకు ఈ విషయంలో ఎంతో కొంత సమాచారం దొరుకుతుంది గానీ, బడుల్లో అంతకన్నా ఎక్కువగా ఒకరినొకరు ఢీకొనే కబడ్డీకి ఎవరూ వివరంగా రాయరు.

మొదటి మెట్టు రోజువారీ పనులే: ఇంట్లో తిరగడం, చిన్నపాటి నడక. రెండో మెట్టు నుంచి వ్యాయామం. గరిష్ఠ నాడి వేగాన్ని 220 నుంచి వయసు తీసివేసి అంచనా వేస్తారు, అంటే ఈ అమ్మాయికి 206. మొదట అందులో 55 శాతం దాకా, అంటే నిమిషానికి సుమారు 113 దాకా, వేగంగా నడక లేదా కదలకుండా ఉండే సైకిలు. అది సాఫీగా సాగితే 70 శాతం దాకా, అంటే సుమారు 144 దాకా, నెమ్మదైన పరుగు. వాచీ లేకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు. ఈ మెట్టులో లక్షణాలు పూర్తిగా పోయి ఉండనక్కర లేదు. వ్యాయామానికి ముందు తలనొప్పిని సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా చెప్పించాలి. వ్యాయామం వల్ల అది రెండు అంకెలకు మించకుండా పెరిగి, గంట లోపే తిరిగి తగ్గితే ఫరవాలేదు. అంతకన్నా పెరిగితే ఆ రోజుకు ఆపేసి, మర్నాడు మళ్ళీ అదే మెట్టు మొదలుపెట్టాలి.

దీనికి ఒక నోట్‌బుక్కు పెట్టాలి. ఒక రోజు పేజీ ఇలా ఉంటుంది: "ఉదయం 6:30. రాత్రి నిద్ర బాగానే పట్టింది. తలనొప్పి 1. ఇడ్లీ తిని, నీళ్ళు తాగి, 7:15 నుంచి 15 నిమిషాలు వేగంగా నడక. నాడి 112. నడక అయ్యాక తలనొప్పి 2, కళ్ళు తిరగలేదు. అరగంటకు మళ్ళీ 1. సాయంత్రం చదివేటప్పుడు 1." ఈ పేజీ చూసిన ఎవరికైనా మర్నాడు ఒక మెట్టు పైకి వెళ్ళవచ్చని అర్థమవుతుంది. తిన్నదీ తాగినదీ రాయడానికి కారణం ఉంది. మార్చి దాటితే మన ఎండల్లో ఖాళీ కడుపుతో పరిగెత్తిన ఏ పిల్లలకైనా తల నొస్తుంది, అది దెబ్బ వల్లనా ఎండ వల్లనా అన్నది తేలదు. అందుకని వ్యాయామం ఎండ ఎక్కకముందు గానీ సాయంత్రం గానీ పెట్టుకోవాలి. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేయకూడదు, వేస్తే ఆ రోజు అంకెలకు విలువ లేదు.

మూడో మెట్టు ఆటకు సంబంధించిన ఒంటరి సాధన. మన రైడర్‌కు ఇది ఖాళీ కోర్టులో అడుగులు వేయడం: బాక్ లైన్ (రైడర్ తప్పక దాటవలసిన గీత) దాకా వెళ్ళి వెనక్కి, బోనస్ లైన్ మీద కాలు పెట్టి వెనక్కి, దిశ మార్చుతూ పరుగు, చేయి చాచి తాకినట్టు అభినయం. కూత పెట్టకుండా మొదలుపెట్టి, చివర్లో కూత కలపాలి. శ్వాస బిగబట్టి శ్రమించినప్పుడు తలలో ఒత్తిడి పెరిగి నొప్పి తిరిగి వచ్చే వీలుంది కాబట్టి కూత దానికదే ఒక పరీక్ష. ఎదుట మనిషి ఉండకూడదు, "ఊరికే అలా పట్టుకుంటాను" అనే స్నేహితురాలు కూడా ఉండకూడదు. క్రికెటర్‌కు ఈ మెట్టు అంటే పరుగు, ఒంటరిగా క్యాచ్‌ల సాధన, బంతి లేకుండా షాట్ల సాధన.

నాలుగో మెట్టుకు ముందు ఆగాలి. మూడు మెట్లూ లక్షణాలు కొద్దిగా ఉన్నా ఎక్కవచ్చు గానీ, నాలుగు నుంచి ఆరు దాకా ఎక్కాలంటే విశ్రాంతిలోనూ గట్టిగా శ్రమించిన తర్వాతా లక్షణాలు ఏమీ ఉండకూడదు, జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా మునుపటిలా ఉండాలి, డాక్టరు అనుమతి కూడా ఉండాలి. నాలుగో మెట్టులో జట్టుతో కలిసి, కాని తాకిడి లేకుండా, పూర్తి వేగంతో సాధన. డిఫెండర్లు చేతులు కలిపి చెయిన్‌గా కదులుతారు, రైడర్ వాళ్ళ మధ్య కదలికలు చదువుతుంది, పట్టు మాత్రం ఎవరూ వేయరు. ఇక్కడ మెదడుకు పని ఎక్కువ: ఏడుగురి మీదా ఒకేసారి కన్నుంచాలి, 30 సెకన్లలో నిర్ణయం తీసుకోవాలి. అలసట కన్నా ఈ మానసిక భారమే దాగి ఉన్న లక్షణాలను బయటికి తెస్తుంది. బరువులతో కసరత్తు కూడా ఇక్కడే క్రమంగా పెంచవచ్చు.

ఐదో మెట్టు పూర్తి తాకిడితో సాధన. నేనైతే దీన్ని కబడ్డీలో రెండు మూడు రోజులకు విడదీయమంటాను. మొదటి రోజు మోకాళ్ళ మీద ఉండి చీలమండ పట్టు, మర్నాడు నిలబడి నడుము పట్టు, ఆ తర్వాతే పరుగు మీద వచ్చే డాష్. ఇది మ్యాట్ మీదే జరగాలి, మట్టి కోర్టు మీద వద్దు. దెబ్బ తగిలిన పట్టు ఏదైతే ఉందో దాన్ని చివరికి ఉంచాలి, ఎందుకంటే అక్కడ భయం కూడా కలుస్తుంది. భయపడుతూ దిగిన రైడర్ తల వంచుకుని దూసుకుపోతుంది, అలా వెళ్ళినప్పుడే ఎదుటివారి మోకాలు తలకు తగులుతుంది. క్రికెట్‌లోనూ అంతే: మొదట మెత్తని బంతితో త్రోడౌన్లు (దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులు), తర్వాత గట్టి బంతి, ఆ తర్వాతే షార్ట్ బాల్. దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చవలసిందే. అయితే హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది గానీ లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు, ఖరీదైన హెల్మెట్ కొన్నాం కాబట్టి నాలుగు రోజులు ముందు దించవచ్చన్న లెక్క చెల్లదు.

ఆరో మెట్టు మ్యాచ్. నాలుగు, ఐదు, ఆరు మెట్లలో ఎక్కడ లక్షణం తిరిగి వచ్చినా మూడో మెట్టుకు దిగి, పూర్తిగా తగ్గాకే మళ్ళీ పైకి రావాలి.

మెట్లన్నీ లెక్క ప్రకారం ఎక్కితే వారంలో ముగించవచ్చు గదా అనిపిస్తుంది. పరిశోధనల్లో కనిపించిన సగటు మాత్రం సుమారు 20 రోజులు. బ్రిటన్ 2023లో పాఠశాల, క్లబ్బు స్థాయి క్రీడలకు ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి: తలకు దెబ్బ తగిలే వీలున్న సాధన మొదలుపెట్టాలంటే విశ్రాంతిలో లక్షణాలు లేకుండా 14 రోజులు గడవాలి, దెబ్బ తగిలిన నాటి నుంచి 21 రోజులు దాటకముందు మ్యాచ్ ఆడకూడదు. డాక్టరు పర్యవేక్షణ రోజూ దొరకని మన బడులకు ఈ హద్దే సరైనదని నా అభిప్రాయం. జోనల్ పోటీలు 15వ రోజున ఉంటే ఆ అమ్మాయి జట్టుతో వెళ్ళి బెంచీ మీద కూర్చుని స్కోరు రాయాలి. సెలక్షన్ పోతుందన్న బాధ నిజమైనదే. ఆ మాట ముందుగానే చెప్పుకోవడం వల్ల, ఆ రోజు ఉదయం "ఈ ఒక్క మ్యాచ్‌కే" అన్న బేరానికి తావుండదు.

అనుమతి ఎవరివ్వాలి, ఏమని రాయాలి

క్రీడా వైద్య నిపుణులు పెద్ద నగరాలు దాటితే అరుదుగానే దొరుకుతారు. పిల్లల డాక్టరు, న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్, కంకషన్ గురించి తెలిసిన జనరల్ ఫిజీషియన్, వీరిలో ఎవరైనా సరిపోతారు. "డాక్టరు గారూ, ఆడవచ్చా?" అని అడిగితే "ఆడవచ్చు" అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే కబడ్డీలో డాష్ అంటే ఏమిటో ఆయనకు తెలియకపోవచ్చు. నోట్‌బుక్కు చేతికిచ్చి, "మూడు మెట్లు పూర్తయ్యాయి, ఇకపై మనుషులు ఢీకొనే సాధన మొదలవుతుంది, దానికి అనుమతి ఇస్తారా?" అని అడగాలి. చీటీ మీద తేదీ, ఏ మెట్టుకు అనుమతి, మళ్ళీ ఎప్పుడు చూపించాలి అన్నవి రాయించుకోవాలి. 13 ఏళ్ళు నిండిన వారికి స్కాట్ 6, 8 నుంచి 12 ఏళ్ళ వారికి చైల్డ్ స్కాట్ 6 అనే పరీక్షా పత్రాలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. డాక్టరు వాటిని కోరితే అచ్చు వేసి తీసుకెళ్ళవచ్చు. కోచ్ మాత్రం, ఎంత అనుభవజ్ఞుడైనా, అనుమతి ఇచ్చే మనిషి కాకూడదు. జట్టు గెలవాలని కోరుకోవడం ఆయన పని, ఆ కోరికనూ ఈ నిర్ణయాన్నీ ఒకే మనిషి మీద మోపడం ఆయనకూ అన్యాయమే.

పిల్లలు అబద్ధం చెబుతారన్న మాట కూడా దాచనక్కర లేదు. ఆడాలన్న తపన ఉన్న పిల్లలు తలనొప్పి 3 ఉంటే 0 అని రాస్తారు. అందుకని అంకెను ఒక్కదాన్నే నమ్మకుండా ఇంట్లో కొన్ని గమనించాలి: కర్టెన్ వేసుకుని కూర్చుంటున్నారా, చిన్న చెల్లెలి మీద ఊరికే విరుచుకుపడుతున్నారా, మధ్యాహ్నం ఎన్నడూ లేనిది నిద్రపోతున్నారా, చదివిన పేజీ మళ్ళీ చదువుతున్నారా. తిట్టకుండా అడిగితే చెబుతారు. "చెబితే ఆట మాన్పిస్తారు" అన్న భయం పోవాలంటే, చెప్పినందువల్ల ఆట రెండు రోజులు వెనక్కి పోతుందే తప్ప శాశ్వతంగా పోదని మొదటి రోజే నమ్మకం కలిగించాలి.

ఆలస్యమైతే

పిల్లలకూ కౌమారంలో ఉన్నవారికీ నాలుగు వారాల దాకా పట్టడం అసాధారణం కాదు. ముందు నుంచి మైగ్రేన్, ఆందోళన, డిప్రెషన్ ఉన్నవారికి, మొదటి రోజుల్లో లక్షణాలు తీవ్రంగా ఉన్నవారికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పది రోజులు దాటినా తల తిరగడం, మెడ నొప్పి తగ్గకపోతే మెడకూ శరీర సమతౌల్యానికీ వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపమని డాక్టరును అడగాలి. చాలాసార్లు మిగిలిపోయిన తలనొప్పి మెదడుది కాదు, అదే దెబ్బకు బెణికిన మెడది. నాలుగు వారాలు దాటితే నిపుణులకు చూపించక తప్పదు. చదువు మీద ఆసక్తి పోవడం, ఊరికే ఏడవడం, ఒంటరిగా ఉండిపోవడం కనిపిస్తే అది కూడా ఈ దెబ్బ లక్షణమే కావచ్చునని గుర్తించి డాక్టరుకు చెప్పాలి.

ఒకే సీజన్‌లో రెండోసారి కంకషన్ అయినా, మునుపటికన్నా చిన్న దెబ్బకే లక్షణాలు వస్తున్నా, ప్రతిసారీ కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతున్నా, ఈ ఆరు మెట్ల పట్టికతో సొంతంగా ముందుకు వెళ్ళకూడదు. ఆ సీజన్‌కు ఆట ఆపడమా, తాకిడి లేని మరో ఆటకు మారడమా అన్నది న్యూరాలజిస్టుతో కూర్చుని తేల్చుకోవాలి. ఎన్ని కంకషన్ల తర్వాత మానేయాలన్నదానికి ఒక నిర్ణీత సంఖ్య లేదు.

నోట్‌బుక్కు, డాక్టరు చీటీలు, స్కాన్ ఉంటే దాని రిపోర్టు ఒకే ఫైలులో ఉంచాలి. పదో తరగతి అయ్యాక బడి మారినా, స్పోర్ట్స్ స్కూలులో గానీ అకాడమీలో గానీ చేరినా, టీసీతో పాటు ఆ ఫైలు కాపీ కొత్త కోచ్‌కు మొదటి రోజే ఇవ్వాలి.